శనివారం నాటి చర్చి టోపీ

జూనియస్ పీట్ పగలబడి నవ్వాడు.

హత్యకేసులో పట్టుకొచ్చిన మనిషి పోలీసు ఎదురుగా కూర్చుని అలా నవ్వడం డిటెక్టివ్ లమాంట్ బార్లో తన ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. నిజానికి బార్లో ఆ గదిలో ఉండకూడదు. వెర్లీన్ టాలివర్ కేసు నుంచి అతన్ని తప్పించి అప్పటికి రెండు గంటలయింది. తప్పించినవాడు లెఫ్టినెంట్ క్లిఫ్టన్ మేబ్రీ. ఆ పేరు చెవిన పడితే చాలు, బార్లోకి తిన్నది అరగదు.

"ఏ ఇల్లన్నారు సార్?" కళ్లు తుడుచుకుంటూ అడిగాడు పీట్.

"మిసెస్ టాలివర్ ఇంటి పక్కనున్న పాడుబడ్డ కొంప. శనివారం సాయంత్రం ఇటుకల కోసం నువ్వే అంటించావని లెఫ్టినెంట్ రాశాడు. ఆవిడ లోపలే పోయింది."

పీట్ మొహంలో నవ్వు మాయమైంది. "ఆవిడ పోయిందని నవ్వలేదు సార్. నన్ను రెండుసార్లు చీపురు పుచ్చుకుని తరిమింది. అయినా మంచి మనిషి. నా నవ్వంతా ఆ ఇటుకలకి."

డెల్మార్ వీధికి ఉత్తరాన ఇళ్లన్నీ నూరేళ్లనాటి ఎర్ర ఇటుకలవి. ఆ ఇటుకకి దూరపు ఊళ్లలో మంచి గిరాకీ. దొంగలు ఖాళీ ఇంటికి నిప్పు పెడతారు. ఫైరింజన్ వచ్చి గొట్టాలతో నీళ్లు కొడుతుంది. ఆ ఉధృతికి ఇటుకల మధ్య సున్నం కొట్టుకుపోతుంది. మర్నాడు తెల్లారేసరికి తాడు కట్టి లాగితే గోడ గోడంతా ఒళ్లో పడుతుంది. పీట్ ఈ పని చేసి రెండుసార్లు జైలుకి వెళ్లొచ్చాడు. అందులో దాచేదేమీ లేదు.

"ఆ గోడలో సున్నం లేదు సార్, సిమెంటు," అన్నాడు పీట్. "పూర్వం ఎవరో మహానుభావుడు సందులన్నీ గీకి సిమెంటు దట్టించాడు. కొడితే ఇటుక ముక్కలవుతుంది గాని సందు వదలదు. ముక్కలు ఎవడిక్కావాలి? ఆ ఇంటి జోలికి మాలో ఎవడూ పోడు. డెల్మార్ అవతలివాళ్లకి తెలీకపోవచ్చు. మాకెందుకు తెలీదు?"

డెల్మార్ అవతలివాళ్లు. ఆ మాట బార్లో చెవికి అమృతంలా సోకింది.

డెల్మార్‌కి ఉత్తరాన నల్లవాళ్లు, దక్షిణాన తెల్లవాళ్లు. మేబ్రీ, బార్లో ఇద్దరూ ఉత్తరాన ఒకే వీధిలో, రెండిళ్ల తేడాలో పుట్టారు. పన్నెండో ఏట తెల్లవాళ్ల బడులకి బస్సులో కొందరు నల్లపిల్లల్ని పంపడానికి చీట్లు తీశారు. మేబ్రీ పేరొచ్చింది, బార్లో పేరు రాలేదు. ఈ ఊళ్లో కొత్తవాళ్లు కలిస్తే ముందు అడిగేది ఏ హైస్కూలని. మేబ్రీ చెప్పే జవాబుకి ఎదుటివాడి మొహం విప్పారుతుంది. బార్లో చెప్పే జవాబుకి ఆ మొహమే మర్యాదగా ముడుచుకుంటుంది. లెఫ్టినెంట్ పరీక్షలో ఇద్దరికీ సరిసమానంగా మార్కులొచ్చాయి. ఇంటర్వ్యూ దగ్గర ఆ బస్సే మళ్లీ అడ్డొచ్చింది. ముప్పై అయిదేళ్లుగా బార్లో కుళ్లుకుంటూనే ఉన్నాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గలేదు.

నాలుగింటికి మేబ్రీ విలేకరుల ముందు పీట్ పేరు ప్రకటిస్తాడు. రేపు వార్డు ఎన్నిక. అందులో నిలబడిన మనిషే వెర్లీన్ టాలివర్. ఎన్నిక ముందురోజు ఒక ఇటుకల దొంగని చూపించి పై వాళ్ల దగ్గర మంచి అనిపించుకుందామని మేబ్రీ చూస్తున్నాడు, ఇంకేముంది? బార్లో గడియారం చూసుకున్నాడు. పదకొండు నలభై. నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో ఆ మొహం మాడేలా చెయ్యాలి. పీట్ బతుకు కూడా దాంతోపాటే బాగుపడుతుంది. అది బార్లోకి రెండో సంగతి.

పన్నెండున్నరకి అతను కాలిన ఇంటి వెనక సందులో ఉన్నాడు. జేబుకత్తి తీసి గోడ సందుల్లో ఆరు చోట్ల గుచ్చాడు. ఆరు చోట్లా కత్తి మొన దిగలేదు. కింద తడి బూడిద ఉంది గాని ఒక్క ఇటుక కూడా జారలేదు. పీట్ అబద్ధమాడలేదు.

తర్వాత వెనక తలుపు చూశాడు. మునిసిపాలిటీవాళ్లు దానికి ప్లైవుడ్ పలక బిగించి, లోపల మనుషులున్నట్టు కనపడాలని దాని మీద కర్టెన్లు, పూలకుండీ బొమ్మ వేశారు. ఆ ఇల్లు పడగొట్టమని వెర్లీన్ టాలివర్ పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చిన ఫలితం ఆ పూలకుండీ. అందుకే డెబ్బయ్యో ఏట తానే ఎన్నికకి నిలబడింది. గెలుస్తుందని వీధిలో అందరూ అనుకున్నారు.

పలక చుట్టూ ఎనిమిది స్క్రూలు. ఎనిమిదీ కొత్తవి, తలకాయల్లో చదరపు గాడి. దొంగలు పలకని గునపంతో పీకి పారేస్తారు. ఇక్కడ ఎవరో పద్ధతిగా విప్పారు. విప్పి మళ్లీ పద్ధతిగా బిగించారు. ముందు గదిలో నిప్పు. వెనక వంటగదిలో ఆవిడ. ముందువైపు నుంచి లోపలికి వెళ్లి చూస్తే, పలక అంచున, లోపలివైపు, గోళ్ల గీతలు.

బార్లో కాసేపు ఆ గీతల్ని చూడలేకపోయాడు. చిన్నప్పుడు ఆవిడ చేతి అన్నం తిన్నవాడే.

ఫైల్లోంచి తను తీసుకొచ్చిన కాగితాలు అక్కడే విప్పాడు. మంట గురించి ఫోను వచ్చింది అయిదు నలభైకి. ఫైరింజన్ వచ్చింది ఆరూ రెండుకి. ఇరవై రెండు నిమిషాలు. డెల్మార్ దాటితే ఏడు నిమిషాల్లో వస్తుంది. ఆ లెక్కకి వీధిలో ఎవరూ కోపం తెచ్చుకోవడం కూడా మానేశారు.

ఫోటోలో ఆవిడ తల మీద ఊదారంగు చర్చి టోపీ, చేతులకి వేళ్ల కొసలు చిరిగిన తెల్ల గ్లవ్స్, కాళ్లకి ఎత్తు మడమల బూట్లు. శనివారం సాయంత్రం, పాడుబడ్డ కొంపలోకి, చర్చి బట్టలతో ఎవరు వెళతారు? ఎవరో పెద్దమనిషిని కలవడానికి అయితే తప్ప. బార్లో ఆవిడ ఫోను లెక్కల కాగితం తీశాడు. నాలుగూ ఇరవై అయిదుకి ఒక కాల్ వచ్చింది. ఆరు నిమిషాలు మాట్లాడారు. ఆ నంబరు చూసి మళ్లీ చూశాడు. అది మేబ్రీ సొంత ఫోను.

ఫైల్లో ఆ సంగతి మేబ్రీ ఎక్కడా రాయలేదు.

బార్లోకి సంతోషం కలిగింది. ఒక మనిషి గోళ్లు విరిగేలా గీకి చచ్చిన గుమ్మం దగ్గర నిలబడి, నోరు తీపెక్కేంత సంతోషం. ఇది సిగ్గుపడాల్సిన విషయమని లోపల ఎవరో అన్నారు. బార్లో వినిపించుకోలేదు.

సందుకి అవతలి ఇంట్లో మిస్ ఆర్జెల్లా ఉంటుంది. ఎనభై రెండేళ్లు, ఒంటరి మనిషి. వెనక వరండాలో కూర్చుని లోకాన్ని కాపలా కాయడం ఆవిడ పని. చిలగడదుంప తీపి రొట్టె తినమని బలవంతం చేసి, తినేదాకా ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాత చెప్పింది. అయిదూ పదికి తెల్ల వ్యాను వచ్చింది. పైన నిచ్చెన. దిగినవాడు వెర్లీన్‌ని చూసి టోపీ తీసి పలకరించాడు, మెట్టు దగ్గర చెయ్యి కూడా అందించాడు. అంత మర్యాద తెలిసినవాడని తను పట్టించుకోలేదు. వీపు ఇటు ఉండి మొహం కనపడలేదు. అయిదూ ఇరవై అయిదుకి వ్యాను వెళ్లిపోయింది.

"నంబరు రాసుకున్నాను నాయనా," అంది ఆవిడ. "సందులోకి ఏ బండొచ్చినా రాయమని వెర్లీన్ మా అందరికీ చెప్పింది. చర్చి కాగితం వెనక రాశాను. ఎక్కడ పెట్టానో ఏమిటో."

"పోలీసులు అడగలేదా మిస్ ఆర్జెల్లా?"

"ఒకడొచ్చి ఓటు ఎవరికేస్తావని అడిగాడు. ఇన్నాళ్లూ ఓటేస్తే ఏమొచ్చింది, తలుపు మీద పూలకుండీ వచ్చిందన్నాను. వెళ్లిపోయాడు. నువ్వు నాలుగింటికి రా, వెతికి పెడతాను."

రెండూ పదికి బార్లో కార్లో కూర్చుని తమ్ముడు వెండెల్‌కి ఫోను చేశాడు. వెండెల్ ఖాళీ ఇళ్లకి పలకలు బిగించే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడు. ఆ చదరపు గాడి స్క్రూలు ఎవరు వాడతారని అడిగితే, ఏ కొట్లో చూసినా అవే అన్నాడు. కేసు ఎంతవరకొచ్చిందని తనే అడిగాడు. బార్లోకి అది ఎవరికైనా చెప్పుకోకపోతే పొట్ట పగిలేలా ఉంది. సిమెంటు గోడ, టోపీ, మేబ్రీ ఫోను, తెల్ల వ్యాను, మిస్ ఆర్జెల్లా రాసుకున్న నంబరు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. 

"నంబరు నీ చేతికొచ్చిందా అన్నా?"

"నాలుగింటికి ఇస్తానంది. అది మేబ్రీ మనుషుల బండి అని తేలనీ, చెప్తాను వాడి సంగతి."

"వదలకన్నా," అన్నాడు వెండెల్. "మనకి దక్కాల్సిందంతా వాడే తిన్నాడు."

ఇంట్లో ఆ మాట పాతదే. చిన్నప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ కలిసి భోజనానికి కూర్చుంటే కూరలో ఉప్పు ఉన్నా లేకపోయినా మేబ్రీ మీద కోపం ఉండేది.

మూడూ అయిదుకి బార్లో స్టేషన్‌లో అడుగుపెట్టాడు. మేబ్రీ తన గది బయట, నలుగురు డిటెక్టివ్‌ల మధ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, ఎప్పుడూ పెరగని మెత్తటి గొంతు. లోపలికి రమ్మన్నాడు. బార్లో కదల్లేదు. ఈ మాట నలుగురూ వినాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చినవాడు లోపలికెందుకు వెళతాడు?

"లెఫ్టినెంట్ గారూ, ఆ గోడ సిమెంటుదని మీకు తెలుసా?" అన్నాడు అందరికీ వినపడేలా. "ఇటుకల దొంగతనంలా కనిపించాలని తగలబెట్టినవాడికి ఇటుక గురించి ఓనమాలు రావు. మా వీధి గాలి ఆఖరిసారి పీల్చి పాతికేళ్లు దాటినవాడి పని. వెనక తలుపు బయటి నుంచి స్క్రూలతో బిగించారు. ఆవిడ చర్చి టోపీ పెట్టుకుని ఒక పెద్ద ఆఫీసర్ని కలవడానికి వెళ్లింది. అంతకు ముందు ఆవిడతో ఆరు నిమిషాలు మాట్లాడిన ఆఫీసరు, ఆ సంగతి ఫైల్లో రాయడం మర్చిపోయాడు. మీ జ్ఞాపకశక్తికి ఏమైంది సార్?"

డిటెక్టివ్‌లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేబ్రీ మొహం మాడలేదు. అలసిపోయింది. అంతే. బార్లో జబ్బ పట్టుకుని గదిలోకి లాగి తలుపు వేశాడు.

"కూర్చో రోలీ."

చిన్నప్పటి ఆ ముద్దుపేరుతో బార్లోని పిలిచేవాళ్లు లోకంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. బార్లో కూర్చోలేదు.

"ఆ సిమెంటు సంగతి నాకు తెలుసు," అన్నాడు మేబ్రీ. "ఆవిడ మొగుడు టాలివర్ గారు ఆ గోడకి సిమెంటు దట్టించిన ఎండాకాలం తట్ట మోసింది నేనే. నువ్వూ మొయ్యాల్సింది. చీట్లు తీసిన రోజు నుంచి ఆ ఎండాకాలమంతా నువ్వు నాతో మాట్లాడలేదు."

"మరి పీట్‌ని ఎందుకు లోపలేశావు?"

"వాడు లోపలుంటే అసలువాడు ఇంట్లో నిమ్మళంగా కూర్చుంటాడని. నాలుగింటికి జడ్జి సంతకం పెడితే కాంట్రాక్టరు బళ్ల లెక్కలు చేతికొస్తాయి. సాయంత్రానికి పీట్‌ని వదిలేసేవాణ్ణి. ఆ సంగతి పీట్‌కి కూడా చెప్పలేదు, చెప్తే నటించలేడు."

"ఏ కాంట్రాక్టరు?"

మేబ్రీ బల్ల మీదున్న ఫోటో ముందుకి తోశాడు. "ఆవిడ టోపీ నా కోసం పెట్టుకుందనుకున్నావా రోలీ? ఆవిడ వంటింట్లో నేల మీద కూర్చుని తిన్నవాణ్ణి నేను. నా కోసం ఆవిడ చెప్పులు కూడా మార్చదు. మన వీధిలో పెద్దవాళ్లు టోపీ, గ్లవ్స్ పెట్టుకుని గుమ్మం ఎక్కేది ఎప్పుడు? ఆలోచించు."

ఆలోచించనక్కర్లేకపోయింది. తొమ్మిదో ఏట బార్లో చర్చి కిటికీ అద్దం పగలగొట్టాడు. ఆ సాయంత్రం వెర్లీన్ టాలివర్ టోపీ, గ్లవ్స్ పెట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడింది. ఆ వీధి పద్ధతి అది. ఎవరింటి పిల్లాడి తప్పయినా పదిమందిలో అనేముందు, పోలీసు చెవిన వేసేముందు, చర్చికి వెళ్లినంత మర్యాదగా తయారై వెళ్లి వాళ్లింట్లోవాళ్లకే చెప్పాలి. దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇవ్వాలి. రోజూ ఆ వీధిలోంచే నడిచి బడికి వెళ్లినవాడు, ఫోటోలో ఆ టోపీ చూసి కూడా, మేబ్రీ తప్ప ఇంకేమీ కనపడకుండా కూర్చున్నాడు. బస్సెక్కి వెళ్లిపోయినవాడికి అది గుర్తుంది.

"ఎవరి తప్పు చెప్పడానికి వెళ్లింది?" అడిగాడు బార్లో.

"ఏడాదిగా ఏ ఇంటికి ఎవరు పలక బిగించారో, అది ఎన్నాళ్లకి తగలబడిందో ఆవిడ రాసుకుంటూ వచ్చింది. పదకొండు ఇళ్లు. ఒకే వ్యాను. దానివాడు పలకలు వదులుగా బిగించి, దొంగలకి ఏ ఇల్లో చెప్తున్నాడు. ఆదివారం చర్చిలో చెప్పేస్తానని శనివారం పొద్దున నాకు కబురు పెట్టింది. సాయంత్రం ఫోను చేసి సోమవారం దాకా ఆగమన్నాను. నీకు ముందు నేను చెప్పాలని. సరేనంది. కాని వాడికి మాత్రం ఈ పూటే చెప్పాలి, వాళ్లమ్మ బతికుంటే ఆమెకే చెప్పేదాన్ని అంది. వాడు పక్కింటి పలక పనికి వస్తున్నాడు, అక్కడే చెప్తానంది. వద్దన్నాను. వినలేదు. ఆ ముక్క ఫైల్లో రాస్తే నువ్వు చదువుతావని రాయలేదు."

బార్లో కుర్చీ లాక్కున్నాడు. ఇప్పుడు కూర్చున్నాడు.

"వెండెల్‌కి ఇటుక తెలుసు," అన్నాడు. "వాడు మన వీధిలోవాడు."

"వెండెల్ పలకలు బిగించేవాడు. తలుపూ కిటికీ తప్ప గోడ ఏనాడూ చూడలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మేవాడివా? నా నోటి నుంచి వచ్చిందని చెప్పి తమ్ముణ్ణి వెనకేసుకొచ్చేవాడివి. నా మీద నీకెంత మంటో నాకు తెలియదా? ముప్పై అయిదేళ్లుగా కాగుతూనే ఉన్నాను." మేబ్రీ గొంతు మొదటిసారి కొంచెం పెరిగింది. "ఆ బస్సులో రోజూ మూడు గంటలు. ఆ బడిలో నా పక్కన ఒక్కడూ కూర్చునేవాడు కాదు. సాయంత్రం దిగి వస్తే నువ్వు మీ అరుగు మీద వెండెల్‌నీ ఇంకో పదిమందినీ వేసుకుని నవ్వుతూ ఉండేవాడివి. నన్ను చూసి లోపలికి వెళ్లిపోయేవాళ్లు. నిన్ను చూసి నేనెంత ఏడ్చానో నీకు తెలీదు."

బార్లో తలెత్తలేదు.  బదులు చెప్పడానికి ఇప్పుడు సమయం లేదని మేబ్రీ తర్వాతి ప్రశ్నతో తేలింది.

"ఆ స్క్రూల గురించి ఎవరినైనా అడిగావా?"

గోడ గడియారంలో మూడూ ఇరవై ఎనిమిది.

"రోలీ. వాణ్ణి అడిగావా?"

"అడిగాను. వ్యాను సంగతి చెప్పాను. నంబరు మిస్ ఆర్జెల్లా రాసుకుందని చెప్పాను. నాలుగింటికి ఇస్తుందని కూడా."

మేబ్రీ అప్పటికే రేడియోలో దగ్గరున్న బండిని ఆ వీధికి పంపమని, సైరన్ వెయ్యొద్దని చెబుతున్నాడు. దగ్గరున్న బండి డెల్మార్ అవతల ఉందని జవాబొచ్చింది. బార్లో ఫోను తీశాడు.  రెండోసారికి నంబరు కలిసింది. అయిదుసార్లు మోగాక మిస్ ఆర్జెల్లా ఎత్తింది.

"మిస్ ఆర్జెల్లా, తలుపులు వేసుకోండి. నేను వచ్చేదాకా ఎవరొచ్చినా తియ్యకండి."

"వేసే ఉన్నాయి నాయనా. ఆ కాగితం దొరికింది. నువ్వు పంపావని మీ తమ్ముడు వచ్చి పది నిమిషాలయింది, వాడికిచ్చేశాను. ఎంత మర్యాద వాడికి, గుమ్మంలోనే టోపీ తీశాడు. తీపి రొట్టె పెట్టాను, తింటున్నాడు. ఫోను ఇమ్మంటావా?"

ఫోను చేతులు మారింది. అవతల ఊపిరి వినిపించింది.

"అన్నా," అన్నాడు వెండెల్. "నువ్వొక్కడివే రా. వాణ్ణి తీసుకురాకు. వాణ్ణి చూస్తే నేనేం చేస్తానో నాకే తెలీదు."

ఫోను పెట్టేశాడు. అక్కణ్ణుంచి ఆ వీధికి పద్నాలుగు నిమిషాలు. బార్లో నడవాలోకి పరిగెత్తాడు. వెనక మేబ్రీ అడుగులు వినిపిస్తూనే ఉన్నాయి. ఒంటరిగా వెళ్తే తను తమ్ముడి వైపు నిలబడిపోతాడేమోనని బార్లోకి భయం వేసింది. జీవితంలో మొదటిసారి ఆ మనిషి వెంట ఉంటే బాగుండుననిపించింది. కారు దగ్గర ఆగి, తాళాలు మేబ్రీ చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చున్నాడు.